మూడు చోట్ల మీటరు పెట్టండి: ఇంటి రీఫ్ ట్యాంకుకు నీళ్లిచ్చే ఆర్‌ఓ-డీఐ మెషీన్‌ను చూసుకోవడం ఎలా

గోపాల్‌పూర్ బీచి మా బరంపురం ఇంటికి 16 కిలోమీటర్లు. అయినా హాల్లో ఉన్న మా 300 లీటర్ల రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకులో, ఆ సముద్రపు నీళ్లు ఒక్క చెంబు కూడా పోయం. పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడమేమిటని కొత్తగా ట్యాంకు పెట్టేవాళ్లందరూ అడుగుతారు. వానాకాలం ముగిసేసరికి గంగ, మహానది, మన రుషికుల్య తెచ్చి పోసిన మంచినీళ్లు ఈ తీరం పొడవునా పైపొరలో పరుచుకుని ఉంటాయి. పగడాలకు కిలో నీటికి 35 గ్రాముల ఉప్పదనం కావాలి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఒడ్డున ముంచుకునే నీళ్లలో అంత ఉండదు. పైగా బురద, మురుగు. అందుకని రీఫ్ ఉప్పును మంచినీళ్లలో కలిపి సముద్రాన్ని ఇంట్లోనే తయారుచేసుకుంటాం. ఆ మంచినీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

"మనం తాగే నీళ్లు ఆ చేపలకు పనికిరావుటమ్మా?" అని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. పనికిరావు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఎండాకాలంలో ట్యాంకు మీద ఫ్యాన్ తిరుగుతుంటే రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరైపోతాయి. పోయేది నీరు మాత్రమే, ఉప్పూ ఖనిజాలూ లోపలే ఉంటాయి. కాబట్టి రోజూ మళ్లీ నింపాల్సింది మంచినీళ్లతోనే. ఆ నీళ్ల టీడీఎస్, అంటే లీటరులో కరిగి ఉన్న ఖనిజాలు మిల్లీగ్రాముల్లో, 80 అనుకోండి. నెలకు 120 లీటర్లు పోస్తే దాదాపు పది గ్రాముల ఖనిజాలు ట్యాంకులో చేరి అక్కడే కూర్చుంటాయి. ఇటు చూస్తే ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉంచడానికి మనం నానా తంటాలు పడుతుంటాం. అంటే మొత్తం 300 లీటర్లలో 30 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. ఆ పది గ్రాముల్లో ఏమేమి ఉన్నాయో టీడీఎస్ మీటరు చెప్పదు. కాల్షియం అయితే పర్లేదు. నైట్రేటో సిలికేటో అయితే నాచు పడుతుంది. పాత ఇత్తడి కుళాయి నుంచి వచ్చిన రాగి అయితే పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. అందుకే మనకు కావలసిన అంకె సున్నా. 5 కాదు, 10 అంతకన్నా కాదు.

ఆ సున్నా నీళ్లిచ్చే ఆర్‌ఓ-డీఐ మెషీన్‌లో ఏముంటుందో ఒక్కసారి చెప్పేసి ముందుకు వెళ్తాను. నీళ్లు ముందుగా స్పన్ ఫిల్టర్‌లోకి వెళ్తాయి, అక్కడ మట్టి, తుప్పు ఆగుతాయి. తర్వాత కార్బన్ క్లోరిన్‌ను పట్టేస్తుంది. ఆ తర్వాత మెంబ్రేన్ అనే సన్నటి పొర, నూటికి 96 నుంచి 98 పాళ్ల ఖనిజాలను వేస్ట్ పైపులోకి తోసేస్తుంది. చివరన డీఐ, అంటే చిన్న చిన్న గింజల్లా ఉండే రెజిన్ నింపిన గొట్టం. మెంబ్రేన్ దాటి వచ్చిన ఆ రెండు నుంచి నాలుగు పాళ్లనూ అది పట్టేసి సున్నాకు తెస్తుంది. వంటింటి ఆర్‌ఓకీ దీనికీ ముఖ్యమైన తేడా ఈ చివరి గొట్టమే.

కొలవడం ఎలా

ఆర్నెల్లకు స్పన్, ఏడాదికి కార్బన్, రెండేళ్లకు మెంబ్రేన్ అని డబ్బాల మీద రాసి ఉంటుంది. ఆ లెక్క నమ్మి నేను రెండుసార్లు నష్టపోయాను. ఒకసారి బాగున్న మెంబ్రేన్ తీసి పారేశాను, ఇంకోసారి పాడైనదాన్ని నాలుగు నెలలు వాడాను. పర్లాకిమిడిలో కొండ వాగు నీళ్లు వాడేవారికీ, బరంపురంలో బోరు నీళ్లు వాడేవారికీ ఒకే గడువు ఎలా కుదురుతుంది? ఏది ఎప్పుడు మార్చాలో మీ ఇంటి నీళ్లే చెప్పాలి. చెప్పించుకోవడానికి మూడు చోట్ల కొలిస్తే చాలు.

మెంబ్రేన్‌కీ డీఐకీ మధ్య పావు అంగుళం పైపును కోసి ఒక 'టీ' (మూడు దారుల జాయింటు) పెట్టి, దానికి చిన్న కుళాయి బిగించండి. ఖర్చు చాలా తక్కువ. మొత్తం మెషీన్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన భాగం ఈ చిన్న కుళాయే. ఇక కొలవడం ఇలా:

1. మెషీన్ ఆన్ చేసి, టీ కుళాయి తెరిచి, మొదటి పది నిమిషాల నీళ్లను బకెట్‌లోకి వదిలేయండి. మెషీన్ ఆగి ఉన్నంతసేపూ మెంబ్రేన్‌కు అటువైపున్న ఖనిజాలు మెల్లగా ఇటు జారుతుంటాయి. అందుకే ఆన్ చేయగానే వచ్చే నీళ్ల టీడీఎస్ మామూలుకన్నా ఎన్నో రెట్లుంటుంది. ఆ నీళ్లు డీఐలోకి వెళ్తే ఖరీదైన రెజిన్ ఊరికే ఖర్చవుతుంది.
2. ఇంటి కుళాయి నీళ్లను గ్లాసులో పట్టి మీటరు ముంచండి. ఇది మొదటి అంకె.
3. టీ కుళాయి నుంచి పట్టిన నీళ్లలో చూడండి. రెండో అంకె.
4. టీ కుళాయి కట్టేసి, నీళ్లను డీఐ గుండా పోనిచ్చి, ఐదు నిమిషాలు ఆగి చివర్న పట్టి చూడండి. మూడో అంకె.
5. మూడూ తేదీతో సహా రాసుకోండి. మా ఇంట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే, ఆ పక్కన.

ఒక గ్లాసు నుంచి ఇంకో గ్లాసుకు వెళ్లేటప్పుడు మీటరు కొసను శుభ్రమైన ఆర్‌ఓ నీళ్లతో కడిగి విదిలించండి. 420 చూపించిన కొసను అలాగే తెచ్చి డీఐ నీళ్లలో ముంచితే 2 అనో 3 అనో చూపించి లేనిపోని టెన్షన్ పెడుతుంది. ఏడాదికోసారి 342 పీపీఎం ద్రావణంతో మీటరును సరిచూసుకుంటే మంచిది, అది చిన్న సీసాల్లో దొరుకుతుంది.

ఇప్పుడు అంకెలు చదవడం. మా బోరు నీళ్లు 420. మెంబ్రేన్ దాటాక 12. అంటే 420లో 408 ఆగిపోయాయి, నూటికి 97. మెంబ్రేన్ బాగున్నట్టే. అదే రెండో అంకె 42 వచ్చిందంటే నూటికి 90 మాత్రమే ఆగుతున్నాయి, మెంబ్రేన్ మార్చాల్సిందే. తాగడానికి ఆ 42 బ్రహ్మాండమైన నీరే, అందుకే వంటింటి ఆర్‌ఓ మెకానిక్ చూసి "సూపర్‌గా ఉంది" అంటాడు. మనకు మాత్రం 12 ఉండాల్సిన చోట 42 ఉంటే డీఐ రెజిన్ మూడున్నర రెట్లు త్వరగా అయిపోతుంది. మెంబ్రేన్ మార్చకుండా దాచుకున్న డబ్బు రెజిన్‌కు పోతుంది.

మొదటి అంకె మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. మున్సిపాలిటీ నీళ్లు తగ్గి బోరు కలిపినప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో బోరు కిందికి దిగినప్పుడు అది పెరుగుతుంది. రెండో అంకె పెరగగానే మెంబ్రేన్ పోయిందని కంగారుపడకండి. మొదటిది కూడా అదే వంతున పెరిగి ఉంటే తప్పు నీళ్లది. చూడాల్సింది శాతం.

మూడో అంకె 1 వచ్చిన రోజే రెజిన్ మార్చేయండి. "ఒకటే కదా, 5 అయ్యాక చూద్దాం" అనుకుంటే దెబ్బ తింటారు. రెజిన్ నిండిపోయాక తాను బలహీనంగా పట్టుకున్నవాటిని ముందు వదులుతుంది, అందులో సిలికేట్ మొదటిది. సిలికేట్‌కు టీడీఎస్ మీటరు సరిగా స్పందించదు కూడా. మీటరు 1 చూపించే సమయానికే ఇసుక మీద, అద్దం మీద గోధుమ రంగు పొర కనబడుతుంటుంది. చేత్తో తుడిస్తే పోయి రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది. చాలామంది దానికి లైట్లను తిడతారు.

ప్రెజర్ సంగతి

మెంబ్రేన్‌కు 50 నుంచి 65 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి కొలత) కావాలి. మేడ మీది ట్యాంకు నుంచి దిగే నీళ్లకు ప్రతి పది అడుగుల ఎత్తుకు నాలుగు పీఎస్‌ఐ మాత్రమే వస్తుంది. రెండంతస్తుల మీదున్నా పదీ పన్నెండు దాటదు. కాబట్టి మన ఇళ్లలో బూస్టర్ పంపు తప్పనిసరి. మెంబ్రేన్‌కు ముందు ఒక ప్రెజర్ గేజ్ కూడా పెట్టించుకోండి. కొత్త స్పన్, కొత్త కార్బన్ వేసిన రోజు గేజ్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. అక్కడి నుంచి పది పీఎస్‌ఐ పడిపోతే ముందు స్పన్ మార్చండి. అయినా పైకి రాకపోతే కార్బన్, అప్పటికీ రాకపోతే పంపునో అడాప్టర్‌నో అనుమానించాలి.

75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్ సరైన ప్రెజర్‌లో, 25 డిగ్రీల నీళ్లతో నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్లు ఇస్తుంది. కొలత గ్లాసు, ఫోన్‌లో టైమర్ చాలు. చలికాలంలో తగ్గుతుంది, డిగ్రీకి సుమారు మూడు శాతం చొప్పున. కోరాపుట్, జయపురం వైపు జనవరిలో కుళాయి నీళ్లు 15 డిగ్రీలుంటే మూడో వంతు దాకా తగ్గడం మామూలే, దానికి మెంబ్రేన్ మార్చక్కర్లేదు. అదే నిమిషం వేస్ట్ పైపు నీళ్లు కూడా కొలవండి. ఒక వంతు మంచినీళ్లకు మూడు నాలుగు వంతుల వేస్ట్ రావాలి. నీళ్లు వృథా అవుతున్నాయని ఎఫ్‌ఆర్ (వేస్ట్ పైపులో నీళ్లను అదుపుచేసే ముక్క) మార్చి ఒకటికి ఒకటి చేయించారనుకోండి, బోరు నీళ్లలోని సున్నం మెంబ్రేన్ మీదే పేరుకుని ఆర్నెల్లలో అది మూసుకుపోతుంది. వేస్ట్ నీళ్లను డ్రమ్ములో పట్టి వాకిలి కడగడానికి, బట్టలకు, బాత్రూమ్‌కు వాడుకోండి. 420 నీళ్ల వేస్ట్ 560 దాకా ఉంటుంది, వీటికి ఏ ఇబ్బందీ లేదు. తులసికోటలో మాత్రం పోయకండి.

స్పన్, కార్బన్ మార్చడం

నీళ్ల కుళాయి కట్టేయండి, ప్లగ్ తీసేయండి. టీ కుళాయి తెరిచి లోపలి ప్రెజర్ పోనివ్వండి. కింద పళ్లెం పెట్టి, స్పానర్‌తో హౌసింగ్ విప్పండి. పాత స్పన్ తీశాక హౌసింగ్ లోపల చేయి పెట్టి చూడండి. జారుడుగా ఉంటే అది బాక్టీరియా పొర. గిన్నెలు తోమే సబ్బుతో తోమి, రెండు చుక్కల బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, వాసన పోయేదాకా మంచినీళ్లు పోయండి. బ్లీచింగ్ చుక్క కూడా మెంబ్రేన్ వైపు వెళ్లకూడదు. హౌసింగ్ పారదర్శకంగా ఉండి ఎండ తగిలే చోట ఉంటే లోపల పచ్చగా నాచు పడుతుంది. నల్ల గుడ్డ చుట్టేయండి.

నల్ల రబ్బరు రింగు గాడిలో సరిగా కూర్చుందో లేదో చూసుకుని, దానికి పలుచగా సిలికాన్ గ్రీజు రాయండి. వాజిలీన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది. హౌసింగ్‌ను చేత్తో గట్టిగా బిగించి, స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలు. బలం చూపిస్తే తర్వాత విప్పలేక మీరే తిట్టుకుంటారు.

కొత్త కార్బన్ వేశాక మెంబ్రేన్‌కు వెళ్లే పైపు ఊడదీసి, పది పదిహేను లీటర్లు బకెట్‌లోకి వదలండి. మొదట నల్లగా వస్తాయి, ఆ పొడి మెంబ్రేన్‌లోకి వెళ్లకూడదు. నీళ్లు తేటగా వచ్చాకే పైపు మళ్లీ తగిలించండి.

కార్బన్ ఎప్పుడు అయిపోయిందో టీడీఎస్ మీటరు చెప్పలేదు, క్లోరిన్ దానికి కనబడదు. దీనికి వేరే పరీక్ష ఉంది. ఈత కొలనులకు వాడే ఓటీ చుక్కల మందు ఒక సీసా తెచ్చుకోండి. కార్బన్ దాటిన నీళ్లను, అంటే వేస్ట్ పైపు నీళ్లను, చిన్న గాజు గొట్టంలో పట్టి ఐదు చుక్కలు వేయండి. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ తప్పించుకుని వస్తోందన్నమాట. ఆ రోజే కార్బన్ మార్చండి. క్లోరిన్ మెంబ్రేన్ పొరను తినేస్తుంది, దానికి రిపేరు లేదు. నెలకోసారి చూస్తే చాలు. వరదలు, డయేరియా భయం ఉన్న రోజుల్లో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ వేస్తారు, అప్పుడు వారానికోసారి చూడండి. పరీక్ష చేసిన నీళ్లు సింక్‌లో పోసేయాలి, ట్యాంకు దగ్గరకు తేవద్దు.

మెంబ్రేన్, రెజిన్

మెంబ్రేన్ మార్చేటప్పుడు చేతులు కడుక్కుని ప్యాకెట్ విప్పండి. సన్నటి గొట్టం, రెండు చిన్న రింగులు ఉన్న వైపు ముందుగా లోపలికి వెళ్లాలి. వెడల్పు నల్ల రబ్బరు ఉన్న వైపు మూత దగ్గరుండాలి. లోపలికి తోశాక ఆ రింగులు గాడిలో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. కూర్చోకపోతే కుళాయి నీళ్లు పక్క నుంచి జారి మంచినీళ్లలో కలుస్తాయి, కొత్త మెంబ్రేన్ వేసినా టీడీఎస్ 100 చూపిస్తుంది. అలా అయితే దుకాణదారు మీద కేకలు వేసే ముందు ఒకసారి విప్పి మళ్లీ బిగించండి. మొదటి రెండు గంటల నీళ్లు టీ కుళాయి నుంచి బయటికే పోనివ్వండి, అందులో మెంబ్రేన్ పాడవకుండా వేసిన మందు ఉంటుంది.

రెజిన్ నింపడంలో తప్పు చేసేవాళ్లు ఎక్కువ. గొట్టాన్ని నిలువుగా పెట్టి, కొంచెం కొంచెం పోస్తూ, నేల మీద మెల్లగా తట్టుతూ పైదాకా బిగువుగా నింపాలి. డబ్బాలో కందిపప్పు నింపేటప్పుడు తడతామే, అలా. ఖాళీ మిగిలితే నీళ్లు ఆ సందులోంచి దారి చేసుకుని వెళ్లిపోతాయి, రెజిన్ సగం కొత్తగా ఉండగానే మూడో అంకె పెరుగుతుంది. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టినా అదే తంటా. నీళ్లు కింది నుంచి పైకి వెళ్లేలా నిలువుగా బిగించండి.

వీలైతే రెండు డీఐ గొట్టాలు వరుసగా పెట్టుకోండి. రెండింటి మధ్య టీడీఎస్ 1 రాగానే మొదటిది ఖాళీ చేసి కొత్త రెజిన్ నింపి, రెండోదాన్ని మొదటి స్థానానికి జరిపి, కొత్తది వెనక పెట్టండి. ట్యాంకుకు వెళ్లే నీళ్లు ఎప్పుడూ సున్నానే ఉంటాయి, పాత రెజిన్ కూడా చివరిదాకా వాడుకుంటారు. వంటింటి ఆర్‌ఓ సామాన్లు మన ఊళ్లో ఎక్కడైనా దొరుకుతాయి గానీ రెజిన్ కొరియర్‌లోనే రావాలి. అందుకని ఒక ప్యాకెట్ ముందే తెప్పించి, గాలి చొరబడకుండా మూసి నీడలో ఉంచుకోండి. ఆరిపోతే పాడవుతుంది. వాడిన రెజిన్‌కు యాసిడ్, కాస్టిక్ పోసి మళ్లీ బాగుచేసుకోవచ్చని చెప్పేవాళ్లుంటారు. ఆ రెండూ ఇంట్లో, పిల్లలు తిరిగే చోట ఆడుకునే వస్తువులు కావు.

రెండో అంకె తక్కువే ఉన్నా రెజిన్ త్వరత్వరగా అయిపోతోందా? బోరు నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కారణం కావచ్చు. అది వాయువు కాబట్టి మెంబ్రేన్ దాన్ని ఆపలేదు, రెజిన్ మాత్రం పట్టేసుకుని అయిపోతుంది. ఆర్‌ఓ నీళ్లను ముందు ఒక డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపుతో ఒక రోజు బుడగలు పోనిచ్చి, ఆ తర్వాత చిన్న పంపుతో డీఐలోకి పంపండి. మా రెజిన్ ప్యాకెట్ రెండు నెలల నుంచి నాలుగు నెలలకు పెరిగింది ఇలాగే.

వంటింటి ఆర్‌ఓకు డీఐ తగిలించుకుంటే

కొత్త మెషీన్ కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్నదానికే డీఐ గొట్టం తగిలించుకోవచ్చు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అయితే వంటింటి మెషీన్‌లో టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటుంటుంది. రుచి కోసం కాస్త కుళాయి నీరు తెచ్చి శుద్ధమైన నీళ్లలో కలుపుతుంది. మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది, అది ఖనిజాలు మళ్లీ వేస్తుంది. మన పనికి ఈ రెండూ శత్రువులు. సర్వీసుకు వచ్చిన కుర్రాడు మంచి మనసుతోనే "నీళ్లు చప్పగా ఉన్నాయి కదా" అని కంట్రోలర్ తిప్పి వెళ్లాడు. నేను మూడు నెలలు రెజిన్ మీద రెజిన్ పోస్తూ, నాచు గీకుతూ గడిపాను. టీ కుళాయి పెట్టి కొలిచిన రోజు రెండో అంకె 80 ఉంది. అప్పుడు తెలిసింది సంగతి.

కాబట్టి డీఐకి వెళ్లే పైపును మెంబ్రేన్ హౌసింగ్ నుంచి నేరుగా తీసుకోండి. కంట్రోలర్, యూవీ, మినరల్ అన్నీ తాగేనీళ్ల వైపు ఉండిపోవాలి. మెకానిక్‌కు "భాయినా, ఈ నీలం పైపు ముట్టుకోవద్దు" అని చెప్పండి, పైపు మీద టేపు అంటించి ఒడియాలో కూడా రాసి పెట్టండి. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించి పోద్దామనుకునేవాళ్లకూ ఇదే మాట. ఆ ప్లాంటు రుచికి ఎంత ఖనిజం వదిలిందో మీటరు పెడితేనే తెలుస్తుంది.

పట్టిన నీళ్లు ఎక్కడ ఉంచాలి

ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ము, మూతతో. పెయింటు, రసాయనాలు వచ్చిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. రాగి బిందె, ఇత్తడి కుళాయి అసలే వద్దు. సున్నా టీడీఎస్ నీళ్లు ఆకలిగా ఉంటాయి, తాకిన లోహాన్ని కరిగించుకుంటాయి. ఫ్లోట్ వాల్వ్ ఉన్నా నిండేటప్పుడు కనిపెట్టుకుని ఉండండి. మా కింది వాటావాళ్ల సీలింగు మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

ట్యాంకు వైపు ఫిల్టర్లు

వీటికి అంత లెక్కలు లేవు, చేయి పెట్టడానికి బద్ధకించకపోతే చాలు. ఫిల్టర్ సాక్‌ను, అంటే ట్యాంకు నీళ్లలోని చెత్తను పట్టే గుడ్డ సంచిని, మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి. వారం ఉంచితే అందులో చిక్కిన చెత్త కుళ్లి నైట్రేట్‌గా మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. నాలుగు సాక్‌లు పెట్టుకుని, వాడినవన్నీ ఒకేసారి సబ్బు లేకుండా వాషింగ్ మెషీన్‌లో వేసి ఎండలో ఆరేయండి.

స్కిమ్మర్ అంటే బుడగలతో నురుగు లేపి నీళ్లలోని మురికిని కప్పులోకి తీసే పరికరం. దాని మెడ లోపల జిడ్డు పట్టితే నురుగు పైకి ఎక్కదు. వారానికి రెండుసార్లు కప్పు తీసి మెడను తుడిస్తే సగం సమస్యలు పోతాయి. గాలి పీల్చే సన్న పైపు కొసలో ఉప్పు గడ్డ కడుతుంది. బుడగలు తగ్గాయనిపిస్తే ఆ పైపులోకి గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్లు కాసిని పీల్పించండి. మూడు నెలలకోసారి స్కిమ్మర్ పంపు, రిటర్న్ పంపు విప్పి, లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అందులో ఓ గంట నానబెట్టండి. ఇంపెల్లర్ మీది సున్నం దానంతటదే ఊడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మంచినీళ్లతో కడిగేయండి. సిరామిక్ కడ్డీ పెళుసుగా ఉంటుంది, జాగ్రత్త. ట్యాంకులో చేయి పెట్టే ముందు ప్లగ్గులు తీయడం, వైర్లు సాకెట్ కన్నా కిందికి వంపుగా వేలాడేలా వదలడం, ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండేలా చూసుకోవడం మరవకండి. ఉప్పునీళ్లకు, కరెంటుకు పడదు.

ఇంకో మాట. స్కిమ్మర్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. దోమల మందు లిక్విడ్, కాయిల్, స్ప్రేలలో ఉండే పైరెథ్రాయిడ్లు చేపలకు, అంతకుమించి రొయ్యలకు విషం. ట్యాంకు ఉన్న గదిలో దోమతెర కట్టుకోండి.

ఊరెళ్లేటప్పుడు, తుపాను వచ్చేటప్పుడు

వారం పది రోజులు మెషీన్ ఆపి ఊరెళ్తే, తిరిగి వచ్చాక అరగంట నీళ్లు టీ కుళాయి నుంచి వదిలేసి తర్వాతే డీఐ తెరవండి. నెలలు ఆపాల్సి వస్తే మెంబ్రేన్ తీసి, తడిగానే జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. గడ్డకట్టే చోట వద్దు, ఆరిపోనివ్వద్దు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మా ఇంట్లో ఒకసారి దాన్ని ఏదో పిండివంట అనుకున్నారు.

అక్టోబరు అంటే మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచింది. సెప్టెంబరు ఆఖరుకే రెండు స్పన్‌లు, ఒక కార్బన్, ఒక రెజిన్ ప్యాకెట్, ఒక బ్యాటరీ ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి. తుపాను హెచ్చరిక వినగానే డ్రమ్ములన్నీ డీఐ నీళ్లతో నింపండి, ఒక దాంట్లో ఉప్పు కలిపి ఉంచండి. ఉప్పును నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఉప్పు మీద పోయకూడదు, అలా పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పడుతుంది. కరెంటు పోయాక మొదట కావలసింది ఫిల్టర్ కాదు, గాలి. బ్యాటరీ పంపు పెట్టి, చేపలకు మేత ఆపేయండి, రెండు మూడు రోజులు తినకపోయినా వాటికేం కాదు. సాక్‌ను, స్కిమ్మర్ కప్పును తీసి బయట పెట్టండి, కదలని నీళ్లలో అవి కుళ్లుతాయి.

కరెంటు వచ్చి కుళాయి నీళ్లు మొదలైనప్పుడు వెంటనే మెషీన్ పెట్టకండి. ఆ నీళ్లు ఎర్రగా, బ్లీచింగ్ వాసనతో వస్తాయి. మేడ మీది ట్యాంకులో ఒక రోజు తేరనిచ్చి, పాత స్పన్‌తోనే మొదటి యాభై లీటర్లు వేస్ట్‌కు పంపి, అప్పుడు కొత్త స్పన్ వేయండి. ఓటీ చుక్కలు వేసి రంగు చూడండి. పసుపు తిరగకపోతే టీ కుళాయి తెరిచి పది నిమిషాలు ఆగి, మీటరు తీసి, మొదటి గ్లాసు పట్టండి.